కొసరు

నూట నలభై డాలర్లు అంది డెల్ఫీన్ గాస్కిన్స్.
నేను బేరమాడలేదు.
అందుకే తప్పుగా తోచిందేమో,
మంచు ఎత్తే పార ఒకటి కొసరు వేసింది.

బఫెలో ఊళ్లో తూర్పు వైపు, నవంబరు.
నేలమాళిగలో బాయిలర్ వెనక
నీళ్ల గొట్టానికి జారబడి ఉంది గిటార్.
పెట్టె లేదు. దుప్పటి ఉంది.
దుప్పట్లో ఎలుకలు కాపురం చేసి ఖాళీ చేసి వెళ్లాయి.
"మా థర్మండ్ మామయ్యది. బ్యాండులో వాయించేవాడు."
ఏ బ్యాండు అంటే భుజాలెగరేసింది.
"ఫోటోల్లో అంచున ఉంటాడు.
ఒకదాంట్లో సగమే ఉంటాడు."

ముప్పై ఒక్క ఏళ్లు కట్టుడు పళ్లు చేశాను నేను.
మనుషుల్ని చూడలేదు, అచ్చులు చూశాను.
ఎవరు ఏ దవడతో నములుతారో
ఎవరు నిద్రలో పళ్లు నూరుతారో
సున్నపు ముద్ద చెప్పేది.

ఇంటికి తెచ్చి, పాత పనిముట్లే తీశాను.
పైచెక్క మీద ఎఫ్ అక్షరంలా కోసిన కంతలోంచి
చిన్న అద్దం దింపి, దీపం దింపి చూశాను.
ఒక చొక్కా గుండీ.
ఊడి వేలాడుతున్న పక్కటెముక.
అంచు చుట్టూ పట్టీ పిప్పిపన్నులా పొడి రాలుతోంది,
ముట్టుకుంటే కర్పూరం వాసన.

వజ్రం కాచాను.
వేళ్లకు తొడిగేది కాదు, వడ్రంగులది,
తోలు ఉడికించి తీసిన జిగురు.
ఇల్లంతా గొడ్లచావడి కంపు.
మెడ కీలులోకి ఆవిరి పట్టి
ఒక రాత్రంతా కూర్చున్నాను, అది తనంతట తాను వదిలేదాకా.
లాగితే విరుగుతుంది. పన్నయినా అంతే.

చర్చి ఆర్గన్లు బాగుచేసే స్టాష్ పీట్రాక్ వచ్చాడు.
గుర్రాన్ని మాత్రం అతికించకు అన్నాడు.
తీగలే దాన్ని తొక్కిపట్టి ఉంచాలి,
బరువు తీసేస్తే అది పడిపోవాలి, అదే పద్ధతి.
తర్వాత పైచెక్క మీద మోచెయ్యి రుద్దుకుని
రంగు పోయి తెల్లబడ్డ మచ్చ చూపించి
"గీకేసి వార్నిష్ కొట్టు, కొత్తదవుతుంది" అన్నాడు.
కాఫీ ఇచ్చి పంపేశాను.

మెట్ల దగ్గరికి వచ్చేసరికి జనవరి.
మొదటి అయిదు మెట్లూ గుంటలు పడ్డాయి,
ఇత్తడి అరిగి చెక్క తగులుతోంది.
ఏడో మెట్టు దాటాక
ఒక్క గీత లేదు.
ఒక్కటి కూడా.
నేను అద్దాలు తుడుచుకుని మళ్లీ చూశాను.

అంటే థర్మండ్ ఎప్పుడూ పైకి వెళ్లలేదు.
అందరూ కూర్చుని తనొక్కడు లేచే ఘడియ
ఆయనకు రాలేదు, లేదా అడగలేదు.
రాత్రంతా అవే అయిదు మెట్ల మీద
నాలుగు దెబ్బలు, మళ్లీ నాలుగు దెబ్బలు,
బాకాలవాళ్లు నిలబడ్డానికి నేల పరుస్తూ.
చప్పట్లు ఎప్పుడూ నేలకి కాదు కదా.

అరిగిన అయిదూ మార్చక తప్పలేదు.
పాతవి మాత్రల డబ్బాలో దాచాను.
మోచేతి మచ్చ జోలికి పోలేదు.
గుండీని మళ్లీ లోపలే వేశాను,
కొన్ని స్వరాలకి అది గిలగిలా మోగుతుంది, మోగనీ.

ఫిబ్రవరిలో డెల్ఫీన్ వచ్చింది, బూట్లనిండా మంచుతో.
నాకు వచ్చినవి మూడే పట్లు.
సిగ్గుపడుతూనే వాయించాను.
ఆమె గోడవైపు తిరిగి నిలబడింది.
"చిన్నప్పుడు ఇలాగే వినేదాన్ని,
గోడ అవతలనుంచి.
పాట ఏదో తెలిసేది కాదు,
నిద్ర మాత్రం పట్టేది."

తిరిగి తీసుకుంటావా అన్నాను.
తల అడ్డంగా ఊపింది. గుమ్మం దాకా వెళ్లి ఆగింది.
"ఆ పార ఇంకా ఉందా?
మాది విరిగిపోయింది."

ఇచ్చాను. పోతూ పోతూ
నా వాకిట్లో మంచు కూడా తీస్తోంది.
గరక్, గరక్, గరక్, గరక్,
ఒక ఊపిరి.
లోపల నేను పట్టు మార్చాను.